అమానతు: ఒక అనుభవం



ఈ వ్యాసం వ్రాస్తున్నది ఒకరు కాదు, ఇద్దరము. మాలో ఒకడు ఈ కళాశాలలో ఉర్దూ మాధ్యమం విద్యార్థి, మరొకడు తెలుగు మాధ్యమం విద్యార్థి. చదివిన భాషలు వేరైనా కూర్చున్న బెంచీ ఒకటే. ప్రయోగశాలలో ఇద్దరికీ కలిపి ఇచ్చిన కంప్యూటరు ఒకటే. ఆపైన హైదరాబాదులో దొరికిన ఉద్యోగమూ ఒకటే. కావున 'మేము' అని వ్రాస్తున్నాము. ఇందులో చెప్పబోయే తప్పు మాలో ఎవరి చేతి మీదుగా జరిగినదో చెప్పదలచుకోలేదు. ఆ రాత్రి ఇద్దరమూ ఒకే బల్ల వద్ద కూర్చుని ఉన్నాము. వ్రాసినవాడు ఒకడు, చదివి ఊరుకున్నవాడు మరొకడు. పాపంలో పాలు సమానమే.

వార్షిక సంచికకు ఏదైనా వ్రాయవలసిందని మా గురువుగారు కబురు పంపినప్పుడు, సాధించిన దానిని గురించి వ్రాయడం సులభమని తోచినది. కాని చదువుకొనేవారికి మా విజయం కంటె మా వైఫల్యమే ఎక్కువగా ఉపయోగపడుతుందని నిశ్చయించుకొని ఈ సంగతిని ఎన్నుకున్నాము.

మేము చేరినది పదకొండుమంది గల ఒక చిన్న స్టార్టప్ సంస్థ. అది చేసే పని ఏమిటో సాహిత్య విద్యార్థులకు కూడా తెలిసేలా చెప్పవలసి ఉన్నది. 'క్లౌడ్' అనే మాట వినగానే ఆకాశంలో ఏదో ఉన్నదని భ్రమపడరాదు. అది మరొకరి భవనంలో, మరొకరి విద్యుత్తుతో రాత్రింబవళ్ళు నడిచే కంప్యూటరు మాత్రమే. ఒక పాఠశాలవారో, ఒక వ్యాపారో తమకు కావలసిన ప్రోగ్రాము వ్రాయించుకుంటారు. దానిని నడిపే యంత్రాలు కొనడం, వాటికి కాపలా ఉండడం వారి వల్ల కాదు. నెలకు ఇంత అని అద్దె ఇస్తే ఆ బాధ్యతను మేము తీసుకుంటాము. అయితే మాకూ సొంత యంత్రాలు లేవు. ఒక పెద్ద సంస్థ వద్ద అద్దెకు తీసుకొని, వాటినే గదులుగా విభజించి మరల అద్దెకు ఇచ్చేవారము. ఒక్కమాటలో చెప్పవలసివస్తే ఇది ఉపఅద్దె వ్యాపారము.

ఈ వ్యాపారానికి బాట వేసినవారిలో ముఖ్యమైన సంస్థ హెరోకు. 2007లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ముగ్గురు యువకులు దానిని స్థాపించారు. ప్రోగ్రాము వ్రాసినవాడు ఒక్క ఆజ్ఞతో దానిని వారికి పంపితే చాలు. మిగిలినదంతా వారే చూసుకొనేవారు. 2010 డిసెంబరులో సేల్స్‌ఫోర్స్ సంస్థ దానిని 21 కోట్ల 20 లక్షల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకున్నది. అంతటి హెరోకు కూడా అమెజాన్ వారి యంత్రాల మీదనే నడిచేది. 2011 ఏప్రిల్ 21న అమెజాన్ వారి వర్జీనియా కేంద్రంలో నెట్‌వర్కు సామర్థ్యం పెంచే పనిలో ఒక మార్పు పొరపాటుగా జరిగినది. రద్దీ అంతా దానిని మోయలేని చిన్న దారిలోకి మళ్ళినది. తమ జత ప్రతులు కనబడక, వేలకొలది డిస్కులు ఒక్కసారిగా కొత్త ప్రతుల కోసం చోటు వెదకసాగాయి. ఉన్న చోటు చాలక అన్నీ చిక్కుబడిపోయాయి. హెరోకు మీద నడిచే అనేక ప్రోగ్రాములు నిలిచిపోయాయి. కొన్ని రెండు రోజులకు పైగా లేవలేదు. ఆ కేంద్రపు ఆ భాగంలోని డిస్కులలో నూటికి 0.07 పాళ్ళు ఎప్పటికీ తిరిగి రాలేదని అమెజాన్ తన వివరణలో ఒప్పుకున్నది. హెరోకు మాత్రం నెపం అమెజాన్ మీదికి నెట్టలేదు. తన వినియోగదారుల ఎదుట బాధ్యత అంతా తనదేనని ప్రకటించినది. ఇల్లు కారితే అద్దెకున్నవాడు అడిగేది తనకు తాళంచెవి ఇచ్చినవానినే గదా!

మా వంటి సంస్థలు తమ విశ్వసనీయతను తొమ్మిదులలో చెప్పుకుంటాయి. నూటికి 99.9 పాళ్ళు పని చేస్తామంటే వినడానికి నిండుగానే ఉంటుంది. ఏడాదికి 8,760 గంటలు. అందులో వెయ్యవ వంతు దాదాపు ఎనిమిదిముప్పావు గంటలు. 99.99 అంటే ఏడాదికి సుమారు 53 నిమిషాలు, 99.999 అంటే అయిదు నిమిషాల చిల్లర. ఇక ఒక ప్రోగ్రాము నడవడానికి యంత్రం, డిస్కు, నెట్‌వర్కు, పేరును చిరునామాగా మార్చే వ్యవస్థ, సమాచార భాండారం అనే అయిదూ కావాలి. ఒక్కొక్కటి విడివిడిగా 99.9 చొప్పున పని చేసినా, అయిదూ ఒకేసారి పని చేసే పాలు 99.5కు దిగుతుంది. అంటే ఏడాదికి సుమారు 44 గంటల చీకటి. ఒక్కొక్కరు నిజమే చెప్పినా మొత్తం మీద మాట తప్పుతుంది! ఈ లెక్క మాకు తెలుసు. మా ప్రకటనలో మాత్రం 99.9 అనియే ఉండేది.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి.

అది 2019 జూన్ నెల. మా వినియోగదారులలో కోస్తాలోని ఒక చిన్న పట్టణపు ధర్మసంస్థ ఒకటి ఉండేది. పేద విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇచ్చే సంస్థ. దాని కార్యదర్శి పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయులు. దరఖాస్తులు మా వద్ద నడిచే ప్రోగ్రాములోనే నింపవలెను. గడువు మరునాటి సాయంత్రం అయిదు గంటలు. రోజూ చీకటి పడేవేళకు వచ్చిన దరఖాస్తుల మొత్తాన్ని మాస్టారు తమ నోటుపుస్తకంలో కలంతో వ్రాసుకొనేవారు. కంప్యూటరు వచ్చినా ఆ అలవాటు మానలేదు.

ఆ రాత్రి 7 గంటల 40 నిమిషాలకు ఒక యంత్రంలోని డిస్కు చెడిపోయినది. ధర్మసంస్థ సమాచారం దానిమీదనే ఉన్నది. డిస్కులు చెడిపోవడం వింత కాదు; అవి ఎప్పుడో ఒకనాడు చెడిపోయే వస్తువులే. అందుకే ప్రతి రాత్రి ఒక నకలు తీసి వేరొక చోట భద్రపరచే ఏర్పాటు చేశాము. కాని ఆ వేరొక చోటు నిండిపోయి, నకలు తీసే ప్రోగ్రాము పదకొండు రోజులుగా ప్రతి రాత్రి మొదలై, మధ్యలోనే ఆగిపోతున్నది. ఆగిపోయినట్లు ప్రతి రాత్రి అది ఒక ఉత్తరం కూడా పంపుతున్నది. ఆ ఉత్తరాలు చేరుతున్నది అంతకు రెండు నెలల క్రిందట ఉద్యోగం మానివేసిన ఒక సహోద్యోగి పెట్టెకు! దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లని సామెత. మా కుక్క పాపం ప్రతి రాత్రి మొరిగినది. వినే చెవి లేక పోయినది.

వినియోగదారులు చూసుకొనేందుకు మేము ఒక 'స్థితి పత్రం' నడిపేవారము. అంతా బాగుంటే అందులో పచ్చని దీపం, ఇబ్బంది ఉంటే పసుపు, ఆగిపోతే ఎరుపు. ఆ దీపం దానంతట అది మారదు. మాలో ఒకరు మార్చవలెను. 8 గంటల 15 నిమిషాల వరకు అది పచ్చగానే వెలిగినది. అప్పుడు పసుపు చేసి ఇట్లు వ్రాశాము: "కొద్దిమంది వినియోగదారులకు స్వల్ప జాప్యం కలుగుచున్నది. సరిచేయుచున్నాము." ఆ సమయానికి అది పూర్తిగా అబద్ధం కాదు. పది గంటలకు పదకొండు రోజుల సమాచారం తిరిగి రాదని మాకు రూఢిగా తెలిసినది. వ్రాసిన వాక్యాన్ని మాత్రం మార్చలేదు. ఆ క్షణం నుండి అది అబద్ధమే.

పదిన్నరకు మాస్టారు ఫోను చేశారు.

"నాయనా, దరఖాస్తులు ఉన్నాయా, పోయాయా? ఆ ఒక్క ముక్క చెప్పండి చాలు."

"పని జరుగుతున్నది మాస్టారూ. ఉదయానికి అంతా సర్దుకుంటుంది. మీరు నిశ్చింతగా పడుకోండి."

ఆయన నమ్మి పడుకున్నారు. మేము మేలుకొని ఉన్నాము. చచ్చిన డిస్కును బ్రతికించే ప్రయత్నాలు తెల్లవారేవరకు చేశాము. అదొక సాహసమని అప్పుడు మాకు అనిపించినది కూడా. అర్ధరాత్రి పన్నెండు గంటలకు మా లెక్కల ప్రోగ్రాము యథావిధిగా అందరికీ ఆ నెల బిల్లులు పంపినది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినవాని వలె ఆ బిల్లు మాస్టారికి కూడా చేరినది.

మరునాడు మధ్యాహ్నం పన్నెండు గంటలకు గాని మేము ఆయనకు నిజం చెప్పలేదు. ఆయన కోపగించలేదు. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా అన్నారు:

"ఈ ఉదయం తొమ్మిది గంటలకు మా జిల్లా ప్రధానోపాధ్యాయులందరి సమావేశం జరిగినది నాయనా. నేనూ వెళ్ళాను. రాత్రే చెప్పి ఉంటే అందరికీ ఒక్కచోట చెప్పేవాణ్ణి. పదకొండు గంటలకు ఎవరి ఊరికి వారు వెళ్ళిపోయారు."

ఆ మాటతో మాకు కనువిప్పు కలిగినది. అప్పటివరకు మా తప్పు డిస్కు చెడిపోవడం, నకలు లేకపోవడం అని అనుకుంటున్నాము. నిజాన్ని కొన్ని గంటలు ఆపడం తప్పులో తప్పుగా తోచలేదు. అందరూ చేసే లౌక్యమని భావించాము. కాని డిస్కు పోగొట్టినది సమాచారాన్ని. మేము పోగొట్టినది ఆ సమాచారాన్ని మరల సమకూర్చుకొనే అవకాశాన్ని. మొదటిది ప్రమాదం, రెండవది మా స్వయంకృతం. ఆయన దరఖాస్తులు తిరిగి ఇవ్వడం మా చేతిలో లేదు. ఆ పద్నాలుగు గంటలు ఇవ్వడం మాత్రం మా చేతిలోనే ఉన్నది, ఇవ్వలేదు.

ధర్మసంస్థ గడువును నాలుగు రోజులు పొడిగించినది. మాస్టారు ఒక్కొక్క పాఠశాలకు ఫోను చేశారు. పిల్లలు మరల నెట్ సెంటర్లకు నడిచి, మరల రుసుము ఇచ్చి దరఖాస్తులు నింపారు. చివరికి నోటుపుస్తకంలోని సంఖ్యకు ఇరవైరెండు తక్కువ వచ్చాయి. ఆ ఇరవైరెండుమంది ఎవరో మాకు తెలియదు, మాస్టారికీ తెలియదు. వారి పేర్లు కూడా ఆ డిస్కులోనే ఉన్నాయి. ఆ సంవత్సరం వారిలో ఎవరైనా చదువు మానుకున్నారేమో ఎవరు చెప్పగలరు?

ఆ సాయంత్రం మేము మా సంస్థ అధిపతి వద్దకు వెళ్ళి, జరిగినది జరిగినట్లు వినియోగదారులందరికీ తెలియజేయాలని కోరాము. ఆయన చెడ్డవాడు కాడు. ఆ నెలలోనే పెట్టుబడి పెట్టేవారు రానున్నారు. పదకొండుమంది జీతాలు ఆయన తలమీద ఉన్నాయి. "ఇంటి గుట్టు మనమే వీధిలో పెట్టుకుంటామా?" అన్నారు. "గుట్టు మనదే గాని, ఇంట్లో ఉన్న సొత్తు మనది కాదు గదా సార్" అని మేము అన్నాము. రాత్రి వరకు వాదన జరిగినది. తుదకు మూడు పుటల వివరణ వెలువడినది: ఏమి చెడినది, ఏ గంటకు మాకు ఏమి తెలిసినది, ఏ గంటకు మేము ఏమి చెప్పాము. ఆ రెండు గంటల మధ్య తేడాను దాచకుండా వ్రాసినందుకు నేటికీ మేము తృప్తి పడుతున్నాము. నలుగురు వినియోగదారులు వెళ్ళిపోయారు. పెట్టుబడి ఆలస్యమైనది, మూడు నెలలు మాకు సగం జీతాలే వచ్చాయి. నిజం చెప్పినవానికి వెంటనే పూలదండ వేస్తారని మేము చెప్పలేము.

వెళ్ళిపోయిన నలుగురిలో ధర్మసంస్థ కూడా ఒకటి. మాస్టారు మర్యాదగా ఒక ఉత్తరం వ్రాశారు. "మీకు మేము ఇచ్చినది అద్దె మాత్రమే కాదు, పిల్లల అమానతు" అన్నది అందులోని మాట. మా ఇద్దరికీ ఆ మాట వేరువేరు దారులలో చేరి ఉన్నది. ఉర్దూ చదివినవానికి అది నమ్మి అప్పగించిన సొత్తు; తిరిగి అప్పగించే వరకు నిద్ర పట్టనీయని బరువు. తెలుగు చదివినవానికి అది పాత దస్తావేజులలో, దుకాణపు లెక్కలలో కనబడే మాట. అమానతు, హామీ, జామీను, జవాబు, రసీదు: ఒకరి మీద ఒకరికి ఉండే నమ్మకాన్ని తెలిపే ఈ మాటలన్నీ అరబ్బీ, పారసీ భాషలనుండి ఉర్దూ మీదుగా మన తెలుగులోకి వచ్చి స్థిరపడినవే. నమ్మకం అవసరమైన చోట రెండు భాషలూ ఒకే మాట పలుకుతున్నాయి. మన కళాశాలలో ఇది ఎవరికీ వింత కాదు.

ఆ తరువాత మా పొరపాటుకు తోడు వెదుక్కుంటూ ఇతరుల చరిత్రలు చదివాము. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థ ఉద్యోగి ఒకరు, ఒక యంత్రం అనుకొని మరొక యంత్రం మీద సమాచారాన్ని తుడిచివేశారు. దాదాపు 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రమే మిగిలినవి. రోజూ తీయవలసిన నకలు తీయబడడం లేదని అప్పుడు తెలిసినది. దానిని హెచ్చరించే ఉత్తరాలు కూడా దారిలోనే తిరస్కరింపబడుతున్నాయట. మా కథకూ వారి కథకూ ఎంత పోలిక! ఆరు గంటల క్రిందట వేరొక పని నిమిత్తం తీసిన ఒక ప్రతి వారిని కాపాడినది. భేదం ఒక్కటే. వారు ఆ మరమ్మతు పనిని లోకమంతా చూసేలా యూట్యూబులో ప్రసారం చేశారు. తమ పని పత్రాన్ని అందరి ముందు తెరచి ఉంచారు. తుడిచిన వ్యక్తిని బలి ఇవ్వక, అట్లు తుడవడం ఎట్లు సాధ్యమైనదని ప్రశ్నించారు.

అదే సంవత్సరం ఫిబ్రవరి 28న అమెజాన్ వారి నిల్వ వ్యవస్థ ఒక ఆజ్ఞలో జరిగిన పొరపాటు వలన సుమారు నాలుగు గంటలు దెబ్బతిన్నది. విచిత్రమేమనగా, వారి స్థితి పత్రపు దీపాలు మార్చే ఏర్పాటు ఆ నిల్వ వ్యవస్థ మీదనే ఆధారపడి ఉన్నది. కావున లోకం తలక్రిందులవుతున్నా దీపాలు చాలాసేపు పచ్చగానే ఉన్నాయి.

మొదట మెచ్చుకున్న హెరోకు కూడా మరొక పరీక్షలో నెగ్గలేదు. వచ్చే ప్రతి విన్నపాన్ని ఖాళీగా ఉన్న పనివానికే తెలివిగా పంపుతామని వారి పత్రాలు చెప్పేవి. సంస్థ పెరిగినకొద్దీ ఆ పద్ధతి మారి, ఎవరు తీరికగా ఉన్నారో చూడకుండానే పంచడం మొదలైనది. పత్రాలు మాత్రం మారలేదు. వినియోగదారులకిచ్చిన కొలమానం కూడా వరుసలో నిలబడిన కాలాన్ని లెక్కించలేదు. 2013 ఫిబ్రవరిలో రాప్ జీనియస్ అనే వినియోగదారు సంస్థ లెక్కలతో సహా బయటపెట్టిన పిమ్మట హెరోకు తప్పు ఒప్పుకొని, క్షమాపణ చెప్పి, పత్రాలను సవరించినది. అబద్ధం ఆడాలని ఎవరూ అనుకోకపోయినా, నిన్నటి నిజాన్ని ఈనాడు సవరించకపోతే అది అబద్ధంగా మారుతుందని దీనివలన నేర్చుకున్నాము. ఆ రాత్రి మా 'స్వల్ప జాప్యం' చేసిన పనీ అదే.

ఇవన్నీ చూసి మా సంస్థలో నాలుగు నియమాలు ఏర్పరచుకున్నాము. మొదటిది: నకలు తీశామన్న తృప్తి చాలదు, ప్రతి శుక్రవారం ఒక నకలును తెరచి, సమాచారం తిరిగి వస్తున్నదో లేదో చూడవలెను. తెరచి చూడని నకలు ఆశ మాత్రమే. రెండవది: హెచ్చరిక ఒక మనిషి పెట్టెకు గాక, ఆనాటి కాపలా ఎవరిదో వారికి పోవలెను, వారు అందినట్లు రసీదు ఇవ్వకపోతే మరొకరికి పోవలెను. మూడవది: స్థితి పత్రం మా యంత్రాల మీద ఉండరాదు, దాని దీపం మా చేతిలోనూ ఉండరాదు. బయటినుండి ఒక ప్రోగ్రాము నిమిషానికొకసారి తలుపు తట్టి, పలికితే పచ్చ, పలకకపోతే ఎరుపు వెలిగించవలెను. నాలుగవది: పావుగంటలో మొదటి మాట చెప్పవలెను. అందులో మాకు తెలిసినది, ఇంకా తెలియనిది, ఈలోగా వినియోగదారుడు చేసుకోదగినది, మరల మేము మాట్లాడే వేళ ఉండవలెను. 'తెలియదు' అని వ్రాయడానికి మొదట మా చేతులు వణికాయి. తరువాత అలవాటైనది.

ఇంకొక సంగతి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం ఏకపక్షమవుతుంది. ఒప్పుకోలు విశ్వసనీయతకు బదులు కాదు. నెలకు నాలుగుసార్లు చక్కని భాషలో క్షమాపణ చెప్పేవానిని ఎవరూ నమ్మరు. పారదర్శకత అద్దం వంటిది. ముఖాన మసి ఉంటే చూపుతుంది గాని కడగదు. కడగడం చేతుల పని. అయితే అద్దమే లేని ఇంట్లో మసి ఉన్నదన్న సంగతే తెలియదు.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఇటువంటి ఉద్యోగాలకే వెళతారు. మరికొందరు బ్యాంకులలో, ఆసుపత్రులలో, పాఠశాలలలో చేరుతారు. ఎక్కడ ఉన్నా ఎవరిదో ఒక సొత్తు మీ చేతిలో ఉంటుంది. దానికి ఆపద వచ్చిన రాత్రి ఎవరో ఒకరు మిమ్ములను అడుగుతారు: ఉన్నదా, పోయినదా? ఆ ప్రశ్నకు సమాధానం అడిగినవారిది. దానిని దాచుకొనే హక్కు మనకు లేదు. కళాశాల పాలకవర్గపు పెద్దలకు మా విన్నపం ఒక్కటే. మన కళాశాల ప్రవేశాలు, మార్కులు, ఉపకార వేతనాల వివరాలు కంప్యూటర్లలోనే భద్రపరుస్తున్నట్లయితే, వాటి నకలు ఎక్కడ ఉన్నదో, దానిని కడపట ఎవరు ఎప్పుడు తెరచి చూశారో ఏడాదికి ఒకసారైనా సమావేశంలో అడగవలసిందని కోరుతున్నాము.

మా బల్ల మీద ఇప్పుడు ఒక నోటుపుస్తకం ఉన్నది. కాపలా మారే ప్రతి సాయంత్రం భాండారంలోని పద్దుల మొత్తాన్ని, కడపటి నకలు తేదీని అందులో కలంతో వ్రాస్తాము. మొదటి పుటలో ఒక్క అంకె మాత్రమే ఉన్నది: 22. కొత్తగా చేరినవారు అదేమిటని అడుగుతారు. ఈ కథంతా వారికి చెబుతాము.